ఊలు సాక్సులు ఫ్రేముకి తొడిగి ఆరబెడితే ష్రింక్ అవవా?

ప్రశ్న అడిగినవారు కెనడాలోని కాల్గరీలో ఉంటున్నారు. అత్తగారు వచ్చి ఉన్న చలికాలంలో చేత్తో మూడు జతల ఊలు సాక్సులు అల్లి ఇచ్చారట. ఒక జతని మెషీన్‌లో ఉతికి డ్రయ్యర్‌లో వేస్తే పిల్లల సైజుకి వచ్చేశాయి. మిగతా రెండు జతలు ఉతక్కుండా దాచిపెట్టుకున్నారు. పాదం ఆకారంలో ఉండే చెక్కలు, తీగ ఫ్రేములు ఆన్‌లైన్‌లో కనిపించాయి. వాటిని సాక్ బ్లాకర్లు అంటారు. వాటికి తొడిగి ఆరబెడితే ష్రింక్ అవవా, కొనాలా, ఇంట్లో చేసుకోవచ్చా, కాటన్ సాక్సులకీ బనియన్లకీ కూడా ఇలాంటిదేదైనా వాడాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఫ్రేము బాగా పనిచేస్తుంది, కానీ ఆరే సమయంలో మాత్రమే. జాగ్రత్తగా ఉతికిన ఊలు సాక్సుని కొలత కుదిరిన ఫ్రేముకి తొడిగి నీడలో ఆరబెడితే పొడుగు, వెడల్పు, మడమ దగ్గరి వంపు అన్నీ ఉన్నవి ఉన్నట్టు నిలుస్తాయి. ఉతకడంలోనే అట్టకట్టిపోయిన సాక్సుని మాత్రం ఏ ఫ్రేమూ వెనక్కి తీసుకురాలేదు. కొనాల్సిన అవసరం లేదు, ఒక సాయంత్రం కూర్చుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. కాటన్‌కి దీనితో పని లేదు.

నేను చాలాకాలం నిట్ బట్టల ఫినిషింగ్ పని చూశాను. మొదట తిరుప్పూరులో కాటన్, తర్వాత లూధియానాలో సాక్సులు, స్వెటర్లు. ఫ్యాక్టరీలో పెద్ద మెషీన్ చేసే పనినే ఇంట్లో ఈ చిన్న ఫ్రేము చేస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ మొదటి జతకి ఏం జరిగిందో ముందు చూద్దాం. చాలామంది వేడి వల్ల ఊలు ముడుచుకుందనుకుంటారు. అందులో సగమే నిజం. ఊలు రంగు వేసేటప్పుడు దాదాపు మరిగే నీళ్లలో గంటసేపు ఉంచుతారు, అయినా అది ముడుచుకోదు. అక్కడ కదలిక తక్కువ ఉండేలా చూసుకుంటారు. అసలు దెబ్బ కొట్టేది తడి, వేడి, కదలిక మూడూ కలిసినప్పుడు. ఊలు పోగు అంటే గొర్రె వెంట్రుక. దాని పైపొర నిండా సన్నని పొలుసులుంటాయి, అన్నీ కొస వైపే తిరిగి ఉంటాయి. దాంతో వెంట్రుక కుదురు వైపు సులువుగా జారుతుంది, రెండో వైపు జారబోతే పొలుసులు పట్టేస్తాయి. నీళ్లలో నానిన ఊలుని అటూ ఇటూ కుదిపితే ఒక్కో వెంట్రుకా ఒకే దిక్కుకి జరుగుతూ పక్కవాటిలోకి దూరిపోతుంది. కుదిపిన కొద్దీ బిగుస్తుంది తప్ప వదులవదు. సబ్బు నీళ్లయితే జారుడు పెరిగి ఇంకా త్వరగా జరుగుతుంది. మీ మెషీన్ ఒక గంట, తర్వాత డ్రయ్యర్ డ్రమ్ము ఇంకో గంట చేసింది ఇదే. తడి సాక్సు డ్రమ్ములో పైకి వెళ్లి కిందపడుతూ ఉంటుంది, పైగా వేడిగాలి. ఊలుని అట్టకట్టించాలని ఎవరైనా పనిగట్టుకుని చేసినా ఇంతకంటే బాగా చేయలేరు.

ఇక ఫ్రేము ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. మన జుట్టు కూడా ఊలులాగే కెరాటిన్ అనే ప్రొటీన్. తలస్నానం చేసి తడి జుట్టు జడ వేసుకుని పడుకుంటే, పొద్దున విప్పాక అలలు అలాగే ఉంటాయి కదా. మళ్లీ తలంటుకుంటే పోతాయి. తడిసినప్పుడు పోగు లోపలి హైడ్రోజన్ బంధాలు వదులవుతాయి, ఆరుతున్నప్పుడు ఆ సమయానికి ఉన్న ఆకారంలోనే మళ్లీ బిగుసుకుంటాయి. ఊలు సాక్సు ఫ్రేము మీద ఆరితే ఫ్రేము ఆకారం వస్తుంది, ఉండలా చుట్టి పడేస్తే ఉండ ఆకారం వస్తుంది. అందుకే ప్రతి ఉతుక్కీ మళ్లీ ఫ్రేముకి తొడగాల్సిందే. ఒకసారి చేస్తే శాశ్వతంగా నిలిచేది కాదు.

నైలాన్ సంగతి వేరు. సాక్సుల ఫ్యాక్టరీలో బోర్డింగ్ అని ఒక సెక్షన్ ఉంటుంది. కాలు ఆకారంలో ఉండే చదునైన అల్యూమినియం ఫారాలు వరసగా కదులుతూ వస్తుంటాయి. పనివాళ్లు ముడతలు పడి ఉన్న సాక్సుని ఒక్క ఊపులో తొడుగుతారు, అది ఆవిరి గదిలోకి వెళ్లి అటువైపు ఇస్త్రీ చేసినట్టు నున్నగా బయటికొస్తుంది. నైలాన్ ఆ ఆవిరి వేడికి సెట్ అయిపోతుంది, ఇంట్లో ఎన్నిసార్లు ఉతికినా ఆ ఆకారం వదలదు. 1940లో అమెరికాలో నైలాన్ మేజోళ్లు దేశమంతా అమ్మకానికి వచ్చినప్పుడు వాటి కాలి వంపు నిలిచింది ఈ పద్ధతి వల్లే. ఊలుకి ఇంట్లో అలాంటి శాశ్వతమైన సెట్ ఇవ్వలేం.

ఆ సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పించే విషయం మీకూ పనికొస్తుంది. మడమ సరిగ్గా ఫారం మడమ మీద కూర్చోవాలి. అది అర అంగుళం పైకి జరిగినా పాదం పొట్టిగా, కాలు పొడుగ్గా సెట్ అయి, ఒకే జతలోని రెండు సాక్సులు వేరే సైజులుగా కనిపిస్తాయి. రెండోది, పైన పట్టుగా ఉండే రిబ్ భాగాన్ని సాగదీసి తొడగకూడదు. అక్కడ ఎలాస్టిక్ లేకపోయినా అల్లిక వల్లే పట్టు వస్తుంది. సాగదీసిన స్థితిలో ఆరితే ఆ పట్టు పోయి సాక్సు చీలమండ మీదికి జారిపోతుంది. ఫ్రేము తయారుచేసేటప్పుడు పై భాగాన్ని సన్నగా ఉంచమని నేను చెప్పేది అందుకే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఆడవాళ్లు తరతరాలుగా ఊలు అల్లి అమ్మేవారు. అక్కడ సాక్సులకి చెక్క పలకలు, స్వెటర్లకి చేతులు చాచిన మనిషి ఆకారంలో కొలత మార్చుకోగలిగే చెక్క చట్రాలు ఉండేవి. సన్నని లేసు శాలువాలైతే పెద్ద చట్రానికి నాలుగు వైపులా దారాలతో లాగి కట్టి ఆరబెట్టేవారు. లెర్విక్ పట్టణంలో శాలువాలు ఉతికి, చట్రానికి ఎక్కించి ఇవ్వడమే వృత్తిగా బతికిన ఆడవాళ్లు ఉండేవారు. అంత నాణ్యమైన అల్లిక కూడా ఆఖరి ఈ పని సరిగ్గా లేకపోతే ధర పలికేది కాదు. మీ అత్తగారి అల్లికకి కూడా ఆ గౌరవం ఇవ్వాలనే నేను ఇంత రాస్తున్నాను. ఒక జత చేతి అల్లిక సాక్సుల వెనక ఎన్ని సాయంత్రాలు ఉంటాయో అల్లేవాళ్లకి తెలుసు.

ఇప్పుడు చేయాల్సిన పని. మీరు ఉతక్కుండా రెండు జతలు ఉంచుకోవడం చాలా మంచిదైంది. ఉతకడానికి ముందే ఒక సాక్సుని అట్ట మీద పక్కకి పడుకోబెట్టి, లాగకుండా, పెన్సిల్‌తో చుట్టూ గీసుకోండి. ఇంతకంటే మంచి కొలత ఇంకోటి లేదు. జతల సైజు వేరువేరైతే వేరువేరుగా గీయండి.

చాలామంది ఇక్కడే తికమక పడతారు. కాలు కాగితం మీద పెట్టి పాదం చుట్టూ గీసేస్తారు. అది అరికాలు ఆకారం, చెప్పులు కుట్టడానికి పనికొస్తుంది. సాక్సు చదునుగా పడుకున్నప్పుడు కనిపించేది పక్కనుంచి చూసిన కాలు. గీయడానికి కొత్త సాక్సు లేనివాళ్లు ఇలా లెక్క వేసుకోండి. పాదం వెడల్పుగా ఉన్నచోట టేపు చుట్టి కొలవండి. 23 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. సాక్సు కాలికి పట్టి ఉండాలి కాబట్టి దాదాపు పదో వంతు తగ్గించి అల్లుతారు, అంటే సుమారు 20 నుంచి 21. అందులో సగం ఫ్రేము వెడల్పు, అంటే 10 చాలు. పాదం పొడుగు 25 అయితే ఫ్రేము మడమ నుంచి వేలి కొస దాకా 24 ఉంచండి. మడమ దగ్గర సరిగ్గా మూలమట్టంగా కాకుండా కొంచెం తెరుచుకున్న కోణం ఉంటే తొడగడం, తీయడం సులువు.

దేనితో చేయాలి అంటే, అందరికీ అందుబాటులో ఉండేది పల్చటి ప్లాస్టిక్ కటింగ్ మ్యాట్. కత్తెరతో తెగుతుంది, నీళ్లకి పాడవదు, కొద్దిగా వంగుతుంది కాబట్టి మడమ దాటించడం తేలిక. అంచులు గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే ఊలు పోగు పట్టుకుని లాగుతుంది. మధ్యలో అక్కడక్కడా పెద్ద రంధ్రాలు చేస్తే గాలి తగిలి లోపలివైపు కూడా త్వరగా ఆరుతుంది. పైన ఒక రంధ్రం తాడు కట్టి వేలాడదీయడానికి.

చెక్కతో చేయాలనుకుంటే ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. కానీ వార్నిష్ తప్పనిసరి, రెండు మూడు పూతలు వేసి బాగా ఆరనివ్వాలి. పూత లేని చెక్క మీద తడి ఊలు పెడితే చెక్కలోని రంగు దిగుతుంది. ఓక్, టేకు లాంటివి మరీ ప్రమాదం, తెల్ల ఊలు మీద గోధుమరంగు మరకలు పడితే పోవు.

తీగ ఫ్రేము నాకు ఎక్కువ ఇష్టం. రెండు వైపులా గాలి ఆడుతుంది, మందపాటి సాక్సులు త్వరగా ఆరతాయి. అయితే డ్రైక్లీనింగ్ వాళ్లిచ్చే ఇనప హ్యాంగర్లు వంచి చేయొద్దు. పైపూత ఎక్కడ లేచినా అక్కడ తుప్పు మరక పడుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ తీసుకుని అట్ట మీద గీసిన గీత వెంట వంచండి. కొసలు రెండూ పైన కలిపి చుట్టేసి, మొనలు సాక్సు లోపలికి రాకుండా చూసుకోండి. అమెరికాలో పాతసామాన్ల దుకాణాల్లో ఇలాంటి పాత తీగ ఫ్రేములు, పిల్లల సైజువి కూడా, ఇప్పటికీ కనిపిస్తుంటాయి. మీకు తుప్పు లేనిది దొరికితే తీసుకోవచ్చు. తీగతో ఒక ఇబ్బంది ఉంది, పల్చటి లేసు అల్లిక మీద అంచు గీతలా కనిపిస్తుంది. అలాంటివాటికి పలకే మేలు.

ఉతకడం గురించి రాయకపోతే పైన చెప్పిందంతా వృథా. గోరువెచ్చగా కూడా కాదు, చెయ్యి పెడితే చల్లగానూ వేడిగానూ అనిపించని నీళ్లు, అంటే 30 డిగ్రీల లోపు. మామూలు డిటర్జెంట్ పౌడర్ వద్దు. రెండు కారణాలు. ఒకటి అందులో క్షార గుణం ఎక్కువ. రెండోది, గుడ్డు, పాలు, నెత్తురు లాంటి మరకల కోసం ప్రొటీన్‌ని తినేసే ఎంజైములు కలుపుతారు, ఊలు కూడా ప్రొటీనే. ఊలు కోసం అమ్మే లిక్విడ్ వాడండి. మన ఇళ్లలో పట్టుకీ ఊలుకీ వాడే కుంకుడుకాయ రసం కూడా బాగా పనిచేస్తుంది. ఇండియన్ స్టోర్లలో దొరకొచ్చు, చూడండి. కానీ తెల్ల ఊలుకి కొంచెం రంగు దిగవచ్చు కాబట్టి ముదురు రంగులకి ఉంచుకోండి.

సాక్సుల్ని నీళ్లలో ముంచి పదిహేను నిమిషాలు వదిలేయండి. మురికి నానడం వల్లే వదులుతుంది. రుద్దొద్దు, పిండొద్దు, అరచేత్తో నాలుగుసార్లు నొక్కితే చాలు. జాడించే నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి. తర్వాత పొడి టవల్ మీద పరిచి, చాపలా చుట్టి, దాని మీద నిలబడండి. నీళ్లన్నీ టవల్‌కి పోతాయి. మెషీన్‌లో స్పిన్ ఒక్కటే పెట్టినా ఫర్వాలేదు, చిన్న నెట్ సంచిలో వేసి. అప్పుడు సాక్సు డ్రమ్ము గోడకి అతుక్కుని తిరుగుతుంది, దొర్లదు, కాబట్టి అట్టకట్టదు. డ్రయ్యర్‌లో జరిగేది దొర్లడం. తేడా అదే.

ఫ్రేముకి తొడిగేటప్పుడు ముందు వేళ్ల భాగం, తర్వాత మడమ, ఆఖరికి కాలు. అల్లిక వరసలు నిలువుగా సాగుతూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఎక్కడైనా మెలిక పడితే తడిగా ఉన్నప్పుడే తిప్పి సరిచేయండి. బిగుతుగా లాగాల్సి వస్తోందంటే ఫ్రేము పెద్దదని అర్థం, అంచు తగ్గించండి.

కాల్గరీలో చలికాలం గాలి పొడిగా ఉంటుంది, ఇంట్లో హీటింగ్ వల్ల ఇంకా పొడి. మీకు ఆరడం సమస్య కాదు, త్వరపడటమే సమస్య. నేలమీద వేడిగాలి వచ్చే వెంట్ పైన నేరుగా వేలాడదీయకండి. ఒకవైపు కరకరలాడుతూ ఇంకోవైపు తడిగా ఉంటుంది, ఊలు గరుకెక్కుతుంది. గదిలో మామూలుగా గాలి ఆడేచోట చాలు. మందపాటివి ఒక రోజు పైనే తీసుకోవచ్చు. మడమ, వేళ్ల దగ్గర అల్లిక మందంగా ఉండొచ్చు కాబట్టి అక్కడ తాకి చూసి తీయండి. మన ఊళ్లలో వానాకాలంలో చేసేవాళ్లయితే ఫ్యాన్ కింద పెట్టండి, లేకపోతే తడి వాసన పట్టేస్తుంది.

ఒక ముఖ్యమైన విషయం, అత్తగారిని అడిగి ఊలు ఉండ మీది లేబుల్ కనుక్కోండి. సూపర్‌వాష్ అని ఉంటే కథ మారుతుంది. అలాంటి ఊలుకి క్లోరిన్‌తో పొలుసుల వాడి తగ్గించి, పైన సన్నని రెజిన్ పూత వేస్తారు. అది అట్టకట్టదు. సాక్సుల ఊలులో నాలుగో వంతు దాకా నైలాన్ కలిపి అమ్మేది కూడా ఎక్కువగా ఈ రకమే. మీ మొదటి జత అంతలా ముడుచుకుందంటే బహుశా సూపర్‌వాష్ కాదు, కానీ మిగతావి వేరే ఊలుతో అల్లి ఉండొచ్చు. సూపర్‌వాష్ ఊలు తడిస్తే ముడుచుకోకపోగా సాగుతుంది. దానికి కూడా ఫ్రేము మంచిదే, కాకపోతే అప్పుడు ఫ్రేము సాక్సు కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి.

కాటన్ బనియన్లు, టీషర్టులు ముడుచుకోవడం పూర్తిగా వేరే వ్యవహారం. కాటన్‌కి పొలుసులు లేవు, అట్టకట్టదు. ఫ్యాక్టరీలో ఉతికి, రంగు వేసి, ఆరబెట్టేటప్పుడు నిట్ గుడ్డని పొడుగునా లాగుతూ పోతారు, అల్లిక కన్నులు, అంటే దారం ఉచ్చులు, నిలువుగా సాగి ఉంటాయి. మీరు ఇంట్లో తడిపినప్పుడు అవి వాటి సహజమైన గుండ్రని ఆకారానికి వచ్చేస్తాయి. బనియన్ పొడుగు తగ్గి వెడల్పు పెరిగినట్టు కనిపించేది అందుకే. తిరుప్పూరులో మంచి యూనిట్లలో కంపాక్టర్ అనే మెషీన్‌తో గుడ్డని ముందే పొడుగునా నొక్కి పంపిస్తారు, కొనేవాళ్లు సాధారణంగా 5 శాతం దాకా ముడుచుకుంటేనే ఒప్పుకుంటారు. ఆ పని చేయకుండా వచ్చిన చవక బనియన్‌ని ఫ్రేముకి తొడిగినా మళ్లీ ఉతికినప్పుడు దాని దారికి అది వెళ్తుంది. తడిగా ఉన్నప్పుడు రెండు చేతులతో కిందికి కాస్త లాగి ఆరేయండి, డ్రయ్యర్ వద్దు, అంతే. కాటన్ సాక్సుల్లో ఉండే ఎలాస్టిక్‌కి కూడా డ్రయ్యర్ వేడి మంచిది కాదు.

ఊలు స్వెటర్లు ఉంటే వాటిని హ్యాంగర్‌కి వేయకండి. ఊలు తడిసినప్పుడు చాలా బరువెక్కుతుంది, పైగా తడి ఊలు బలహీనం. మా బంధువుల ఇంట్లో ఒక స్వెటర్ రాత్రంతా హ్యాంగర్ మీద ఆరి, పొద్దునకి భుజాల దగ్గర రెండు గుబ్బలు, కింద మోకాళ్ల దాకా పొడుగు వచ్చింది. మెష్ రాక్ మీద పరచండి, లేదా టవల్ మీద పరచి ఒకసారి తిప్పండి. లేబుల్ మీద చతురస్రం లోపల అడ్డగీత ఉంటే పరిచి ఆరబెట్టమని అర్థం.

ఇంట్లో ఎవరైనా వెరికోస్ వెయిన్స్‌కి డాక్టర్ రాసిచ్చిన బిగుతు మేజోళ్లు వాడుతుంటే వాటిని ఫ్రేముకి ఎక్కించొద్దు. వాటి విలువంతా పట్టులోనే ఉంది. టవల్‌లో చుట్టి తడి తీసి, ఎండ తగలకుండా పరచండి.

చివరగా ఆ మొదటి జత. పారేయకండి, ముందు చూడండి. వెలుతురులో పట్టుకుని రెండు వేళ్లతో లాగినప్పుడు అల్లిక కన్నులు విడివిడిగా కనిపిస్తే కొంత ఆశ ఉంది. గోరువెచ్చని నీళ్లలో తలకి వాడే కండిషనర్ కలిపి అరగంట నానబెట్టండి, పోగులు కాస్త జారుడుగా అవుతాయి. పిండకుండా తీసి, చేత్తో మెల్లగా పొడుగునా, అడ్డంగా సాగదీసి ఫ్రేముకి తొడగండి. పూర్తి సైజు రాకపోవచ్చు, ఒక సైజు దాకా వచ్చినవి నేను చూశాను. కన్నులే కనిపించకుండా దళసరి కంబళిలా అయిపోయి ఉంటే ఇక సాగదు. కానీ అలా అయిన ఊలుని కత్తిరించినా పోగులు ఊడవు. ఇంట్లో ఆ సైజు పాదాలున్న పిల్లలుంటే పై రిబ్ కత్తిరించి ఇంటి చెప్పుల్లా తొడగండి, అరికాలి కింద పల్చటి తోలు ముక్క కుట్టండి. చెక్క నేల మీద జారకుండా ఉంటారు.